పోలమ్మ పేరు వెతికిన మా ఆడబిడ్డ

మా ఆడబిడ్డ పోయిన సంగతి రెడ్డియార్‌పాళయం నుంచి మా మరిది ఫోను చేసి చెప్పాడు. "అక్క పోయింది వదినా. పొద్దున కాఫీ తాగి కూచున్నది కూచున్నట్టే పోయింది." నాకింకా ఏడుపైనా రాలేదు, "ఆమె కాయితాలు అటక మీద పెట్టించినా. కర్మ అయ్యేదాకా ఆ మాట ఎవురూ ఎత్తొద్దు" అన్నాడు. ఇది రాయడానికి దుఃఖం ఒక్కటే కారణమైతే బాగుండేది.

ఆ కాగితాలేమిటో చెబుతాను. మా ఆడబిడ్డ పెళ్లి చేసుకోలేదు. మిల్లులో నూలు వడికే పనిచేసి రిటైరైంది. మాట్లాడేది తెలుగే కానీ రాయడం రాదు. పాత క్యాలెండరు కాగితాల వెనక తమిళ అక్షరాలతో తెలుగు రాసుకునేది. రిటైరయ్యాక ఆమె పెట్టుకున్న పని ఒక్కటే, తండ్రి తరపు తాతను కన్న తల్లి పేరు కనుక్కోవడం.

ఆ పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు. అమావాస్యకు సముద్రం ఒడ్డున తర్పణం వదిలేటప్పుడు మూడు తరాల పేర్లు చెప్పాలి. ముత్తవ్వ దగ్గరికి వచ్చేసరికి మావాళ్లు తడబడితే, "తెలియకపోతే గంగ అనండి" అన్నాడట ఎప్పుడో ఒక పురోహితుడు. అప్పటినుంచి గంగే. మా ఆయన పోయాక తర్పణం వదిలే మరిదీ అదే పేరు చెప్పేవాడు. నేనూ చాలాకాలం అది నిజమైన పేరే అనుకున్నాను.

"గంగ ఎవురు వదినా? గంగ ఏరు! ఏటికి చెంబుడు నీళ్లు పోసి, దాహం తీరిందా అని అడగతా ఉండాడు మా తమ్ముడు" అని నవ్వేది.

కిరుమాంబాక్కం బస్సెక్కేది, కాలాపేట బస్సెక్కేది. ముసలి బంధువుల చేతిలో మురుకుల పొట్లం పెట్టి, బతికున్నవాళ్ల క్షేమం అడక్కుండానే "మీ ఇంట పోయినోళ్లు ఎవురెవురు?" అని మొదలుపెట్టేది. "నా పేరు కూడా రాసుకుంటివా ఏంది తల్లీ?" అని ఒక ముసలాయన బెదిరిపోయాడు. "నీకు ఇంకా టైముండాది మామా, మురుకు తిను" అంది.

ఫ్రెంచివాళ్లు మా ఊరేలిన కాలంనాటి పెళ్లి రిజిస్టర్ల నకళ్లు తెచ్చి నా ముందు పెట్టేది. మా ఇళ్లలో ఫ్రెంచి చదువుకున్నది నేనొక్కదాన్నే. మొదట దొరికిన పెళ్లి కాగితంలో వరుడిది తాతగారి పేరే. తండ్రి బట్టల వర్తకుడు. మా మరిది మిఠాయి పంచాడు. వర్తకుణ్ణి పైన పెట్టి వంశవృక్షం రాయించి, పటం కట్టించి హాల్లో తగిలించాడు. ఆమె మాత్రం పెళ్లికూతురి పేరు విని, "ఈమె మా అవ్వ కాదు. ఇది ఎవురి తాతో" అని పక్కన పెట్టేసింది.

"దొరికినాయన్ని వదిలేస్తావేంది అక్కా?"

"నాకు నచ్చిన పేరు వద్దురా. ఉన్న పేరు కావాల."

రెండేళ్ల తరవాత అసలు పెళ్లి కాగితం దొరికింది. పెళ్లికూతురి పేరు, ఆమె తండ్రి పేరు, వీధి అన్నీ నేనే సరిచూశాను. అవ్వ గురించి ఇంట్లో తెలిసినవాటికి ఎక్కడా తేడా లేదు. వరుడి తల్లి పోలమ్మ, కూలి. తండ్రి పేరు దగ్గర 'తెలియదు' అని ఉంది. ఆ వరస నాచేత మూడుసార్లు చదివించుకుని, "పోలమ్మ! పిలిస్తే పలికేట్టుండాది వదినా" అని కళ్లు తుడుచుకుంది.

మరిది మండిపడ్డాడు. "తండ్రి లేని కాయితం తెచ్చి పరువు తీస్తావా? పిల్లలకి సంబంధాలు యాడ కుదరతాయి?"

"ఒంటి మనిషి కూలి చేసి బిడ్డని సాకి పెండ్లి చేసింది. ఆ పరువు చాలదా నీకు?"

చాలలేదు. ఆరేళ్లపాటు ప్రతి అమావాస్యకూ పోలమ్మ అనమని ఆమె అడిగింది. అతను గంగ అనే అన్నాడు. వర్తకుడి పటం హాల్లో అలాగే ఉంది. మనవల లెక్కల్లో ఒక్క అంకె తప్పినా మొత్తం మళ్లీ చేయించే నేను, ఈ తప్పును చూస్తూ కూర్చున్నాను. మగవాళ్ల తంతులో కోడళ్లు నోరెత్తకూడదట. ఆ మర్యాద తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తోంది.

పదహారో రోజున సముద్రం ఒడ్డున కర్మ జరిగింది. పోయిన మనిషిని పైతరాల ఆడవాళ్లతో కలపాలి, పేర్లు చెప్పమన్నాడు పురోహితుడు. మరిది దోసిట్లో నువ్వులు, నీళ్లు. తల్లి పేరు చెప్పాడు, అవ్వ పేరు చెప్పాడు. మూడో పేరుకు నోరు తెరిచేసరికి నేను లేచి వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"మీ అక్కను ఎవరి దగ్గరికి పంపుతున్నావు? గంగ అన్న పేరు గలవాళ్లు అక్కడెవరూ లేరు."

"వదినా, అందురూ చూస్తా ఉండారు."

"చూడనీ."

అతని దోసిట్లో నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి, పేరు రాలేదు. పురోహితుడు విసుక్కుంటూ మళ్లీ పోశాడు. అవీ కారసాగాయి.

"పోలమ్మ" అన్నాడు మా మరిది, నాకే సరిగా వినబడనంత మెల్లగా.

"గట్టిగా చెప్పండి" అన్నాడు పురోహితుడు.

"పోలమ్మ!"

నీళ్లన్నీ ఇసుకలోకి ఇంకిపోయినా అతను చేతులు దించలేదు. తడి అరచేతుల నిండా నల్ల నువ్వులు అంటుకుని ఉన్నాయి.