ఖాళీ లేదనలేని బుల్లబ్బాయి గారు

క్రిస్మస్ ముందురోజు బుల్లబ్బాయి గారు చర్చికి వెళ్ళిన సమయం చూసి, ఆయన హాస్టల్ గేటుకే ‘ఖాళీలు లేవు’ అన్న బోర్డు కట్టేశాడు అక్కడే ఉంటున్న సురేందర్. కనబడలేదని ఎవరూ అనకూడదని తలుపంత ప్లైవుడ్ చెక్క మీద రాయించాడు. అమీర్‌పేటలో ఇంకే హాస్టల్ ఓనరుకైనా అది గర్వకారణం. బుల్లబ్బాయి గారికి మాత్రం చెంపదెబ్బ. ఆ మనిషికి బుద్ధెరిగాక ‘ఖాళీ లేదు’ అన్న మాట నోటివెంట రాలేదు.

ముగ్గురి గదిలో ఆరుగురుండేవారు. ఏడోవాడు బ్యాగుతో దిగితే, “రా బాబూ, సర్దుకుందాం” అనేవారు. ఈ జబ్బు హాస్టల్‌తో ఆగలేదు. డ్రైవరే వద్దంటున్నా, షేర్ ఆటోలోంచి రోడ్డు మీద నిలబడ్డవాళ్ళని పిలిచేవారు. పంజాగుట్ట మాల్‌లో లిఫ్టు బరువెక్కి కుయ్యోమంటున్నా బయటివాళ్ళని చెయ్యి పట్టి లాగేవారు. అది ఎంతకీ కదలకపోతే తానే దిగిపోయి, లోపలివాళ్ళకి చెయ్యి ఊపి, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చేవారు. హాస్టల్ కుర్రాళ్ళు ఆ లిఫ్టు సీను నటించుకుని పొట్టలు పట్టుకునేవారు.

సురేందర్‌కి నవ్వు రాలేదు. డిగ్రీ అయ్యాక అతను ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. పండగ మర్నాడు మళ్ళీ ఇంటర్వ్యూ. ఒక్క రోజు కాళ్ళు చాపుకుని నిద్రపోతే ఈ ఉద్యోగం వస్తుందని అతని నమ్మకం. ఉండబట్టలేక అడిగేశాడు.

“జాగ లేదని ఒక్కసారి చెప్తే ఏం పోతదన్నా?”

బుల్లబ్బాయి గారు తల దించుకున్నారు. “బెత్లెహేములో ఒకడు చెప్పాడు బాబూ. నిండు చూలాలు గుమ్మంలో నిలబడితే, సత్రంలో చోటు లేదన్నాడు. ఏసుప్రభువు పశువుల పాకలో పుట్టాల్సొచ్చింది. రెండు వేల ఏళ్ళుగా ప్రతి డిసెంబరులో వాడి సంగతి మైకులో చెబుతూనే ఉన్నారు. ఎంతైనా మన లైను వాడు. వింటుంటే నాకు తల కొట్టేసినట్టుంటుంది.”

సురేందర్ అయోమయంలో పడ్డాడు. అతనికి తెలిసిన క్రిస్మస్‌లో ప్లమ్ కేకు, మాల్ ముందు దీపాల చెట్టు, చొక్కాల మీద డిస్కౌంటు ఉన్నాయి. “మరి గా ఎర్రటోపీ తాత యాడ వస్తడన్నా గీ కథల?”

“రాడు బాబూ. వచ్చినా సర్దుకుందాం.”

దేవుడై ఉండి పుట్టడానికి చోటు వెతుక్కోవడమేమిటో, ఎప్పటిదో సత్రం వాడి పరువు కోసం ఇక్కడ తన నిద్ర పోవడమేమిటో సురేందర్‌కి ఎంత ఆలోచించినా తేలలేదు. విసుగెత్తి బోర్డు రాయించాడు.

బోర్డు కట్టిన సాయంత్రం మేడ మీద కుర్రాళ్ళు ఎర్రటోపీలు పెట్టుకుని కేకు కోస్తున్నారు. కొడుకుని సోమాజిగూడ ఆస్పత్రిలో చేర్చిన పోచయ్య, మంగవ్వ అనే ముసలి దంపతులు గేటుదాకా వచ్చి, బోర్డు చూసి వెనుదిరిగారు. సందు చివర టీకొట్టు దగ్గర, చర్చి నుంచి వస్తున్న బుల్లబ్బాయి గారికి ఎదురయ్యారు. చేతిలో మూట కనబడగానే ఆయన అలవాటుగా రమ్మన్నారు. ఖాళీ లేదని రాసి పెట్టారు గదా అన్నాడు పోచయ్య. ఆయన గబగబా గేటు దగ్గరికి వచ్చి, బోర్డు వంక కాసేపు చూసి, తాళ్ళు విప్పి దాన్ని లోపలికి మోసుకుపోయారు. ఎవరి పనని అడగలేదు.

“మొగపోరల హాస్టలంట గద బిడ్డా, నేనుండొచ్చునా?” అంది మంగవ్వ.

“సర్దుకుందాం, రామ్మా.”

మేడ మీద నుంచి విన్న సురేందర్, వాళ్ళని తన గదిలోకే తోస్తారని, ఇంటర్వ్యూ గంగలో కలిసిందని నిశ్చయించుకున్నాడు. ఎవరూ రాలేదు.

తెల్లారి మంచినీళ్ళకని కిందికి దిగితే, మెట్ల పక్క గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల దంపతులు నిద్రపోతున్నారు. గోడకి గొర్రెపిల్లని ఎత్తుకున్న ఏసుప్రభువు క్యాలెండరు. సురేందర్‌కి ఆ గోడ తెలుసు. ఊరి నుంచి వచ్చిన తొలిరోజు అమీర్‌పేటంతా తిరిగినా చోటు దొరక్క, చివరికి తను పడుకున్నది ఆ గోడ పక్కనే. అప్పట్లో అది అతిథుల గది కాబోలనుకున్నాడు. వంటింట్లోకి తొంగి చూస్తే, బియ్యం బస్తాల మీద, ఉల్లిపాయల బుట్టకి తల ఆనించి, ఆ గది సొంతదారు గురక పెడుతున్నారు.

ఉద్యోగమొచ్చింది. ఎర్రమంజిల్‌లో సొంతంగా గది తీసుకున్నాడు. కాళ్ళు చాపుకున్నా, ఆ పండగ లెక్క మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదు.

మరుసటి డిసెంబరులో మాల్‌లో లిఫ్టు తెరుచుకుంటే సురేందర్ కాలు పెట్టాడు. కుయ్యోమంది. లోపల మూల నుంచి ఒకాయన జనాన్ని తోసుకుంటూ బయటికి దిగి, అతన్ని లోపలికి నెట్టారు. చూస్తే బుల్లబ్బాయి గారు.

“ఎక్కు బాబూ, ఖాళీ ఉంది” అన్నారు. తలుపులు మూసుకుంటుండగా ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ అన్నారు. “నీ బోర్డు పారెయ్యలేదు సుమా. బస్తాల మీద పరుచుకుంటే నడుముకి ఎంత హాయిగా ఉందో.”