చుక్కమ్మ కొట్టంలో నా ఎర్తింగు

ఒకే సాయంత్రం ఎనుము చేత, కన్నతల్లి చేత, పశువుల బేరగాడి చేత వరసగా చీవాట్లు తిన్న మనిషిని మీరు చూసి ఉండరు. చూడాలనిపిస్తే మా బెళుగుప్ప వైపు రండి, ఆ మనిషిని నేనే. ఎనుము, అదే గేదె, చీవాట్లు ఎలా పెడుతుందని అడక్కండి, కాలితో పెడుతుంది. ఇప్పుడు నేను ఇళ్లకు వైరింగు చేసుకుని బతుకుతున్నవాణ్ణి. ఈ కథ బయటపడితే నన్ను పనికి పిలిచేవాళ్లు ఎంతమంది మిగులుతారో తెలియదు. అయినా చెప్పాలి, ఎందుకంటే ఇందులో నేను తప్ప మిగతా అందరూ గొప్పవాళ్లే.

అప్పుడు నాకు మీసం కొత్తగా వచ్చింది, తెలివి ఇంకా రాలేదు. బెళుగుప్పలో ఒక మోటారు వైండింగు షాపులో కొన్నాళ్లు కూర్చుని వచ్చాను. అక్కడ నేను నేర్చుకున్న పని ముఖ్యంగా టీ తేవడం. కానీ చొక్కా జేబులో టెస్టరు పెట్టుకుని ఊళ్లోకి దిగేసరికి, కరెంటు కనిపెట్టింది నేనే అన్నట్టు నడిచేవాణ్ణి.

ఆ ఎండాకాలం మా ఇంటి కరెంటుకు జబ్బు చేసింది. కరెంటు ఒక తీగలో వస్తుంది, పని చేసి ఇంకో తీగలో తిరిగి పోతుంది. ఆ తిరిగి పోయే తీగనే నూట్రల్ అంటారు. మా నూట్రల్ స్తంభం దగ్గర కాలి, తెగీ తెగకుండా వేలాడుతోంది. బల్బు కన్ను కొడుతోంది, ఫ్యాను మూలుగుతోంది. లైన్‌మన్ వచ్చి చూశాడు. గాలివానకు పక్క ఊళ్లలో స్తంభాలు పడిపోయాయని, అవి లేపి వస్తానని చెప్పాడు. "అంతదాకా ఏమీ కెలకొద్దప్పా" అని నన్ను ప్రత్యేకంగా చూసి మరీ చెప్పాడు. నాకు 'కెలకొద్దు' అన్నది అసలు వినపడలేదు.

భూమి కూడా కరెంటును వెనక్కి తీసుకుపోతుందని షాపులో విన్నాను. ఇంకేం, ఇంటి ముందర గడ్డపార దిగేసి, దానికి తీగ చుట్టి, నూట్రల్ బదులు తగిలించాను. బల్బు వెలిగింది కానీ, నిద్రలేచినవాడి కన్నులా వెలిగింది. మా నేల సంగతి మీకు తెలుసు కదా, చినుకు పడితే ఇదేమిటా అని ఆలోచనలో పడే నేల. అంత ఎండిన మట్టిలో కరెంటు మాత్రం ఎలా నడుస్తుంది? ఒక బిందెడు నీళ్లు తెచ్చి గడ్డపార మొదట్లో పోశాను. బల్బు భగ్గుమంది. నాయన నోరు తెరిచి, నా కొడుకు చేతిలో పనితనం ఉండాదని పక్కింటాయనకు కూడా చెప్పాడు. కాసేపటికి ఎండ ఆ నీళ్లు తాగేసింది, బల్బు మళ్లీ మొహం వేలాడేసుకుంది. నేను రెండో బిందె ఎత్తాను. అమ్మ వచ్చి లాక్కుంది.

"తాగేకి నీళ్లు ల్యాక ట్యాంకరు కాడ కొట్టుకుంటాండాము. నీ బల్బుకు నీళ్లు పోసేకి యాడనుంచి తేవాల్రా?"

సరే, నీళ్లు పోయకుండానే ఎప్పుడూ తడిగా ఉండే నేల మా ఇంట్లో ఎక్కడుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరికిన క్షణంలో నా భుజం నేనే తట్టుకున్నాను. చుక్కమ్మ కొట్టం! చుక్కమ్మ మా ఎనుము, నొసటన తెల్లచుక్క ఉంటుంది. ఆమె పుణ్యమా అని కొట్టంలో నేల రోజంతా తడే, అందులోనూ ఉప్పు తడి. గడ్డపార పీకి తీసుకుపోయి చుక్కమ్మ వెనక కాళ్లకు కాస్త పక్కన దిగేశాను. ఫ్యాను గిర్రున తిరిగింది. కృష్ణా నీళ్లు మా ఊరికి నేనే తెచ్చినట్టు ఆ గాలి కింద కాళ్లు చాపుకుని పడుకున్నాను.

చుక్కమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఆ ఏడు చెనిక్కాయ, అదే వేరుశనగ, పంట విత్తనాల ఖర్చు కూడా ఇవ్వలేదు. ఇల్లు నడిచింది ఆమె పాల మీదే. పసిపిల్లలు పొట్ట కింద దూరినా కాలు కదిపేది కాదు. అమ్మ తన కష్టసుఖాలన్నీ పాలు పిండుతూ ఆమెకే చెప్పుకునేది, నాయనకు చెప్పేది కాదు. అలాంటి చుక్కమ్మ, మరుసటి సాయంత్రం అమ్మ చెంబు పెట్టి కూర్చోగానే ఎగిరి తన్నింది.

పొద్దున మళ్లీ బుద్ధిగా పాలిచ్చింది. సాయంత్రం మళ్లీ తన్నింది. ఇదే వరస. చెంబు సొట్టలు పడింది, పాలు సగమయ్యాయి. పక్కింటామె సాయంత్రం పూటే మా గడపలోకి వస్తుంది కాబట్టి దిష్టి ఆమెదే అని మా చెల్లెలు సుజాత తేల్చింది. పశువుల మందులాయన టానిక్కు ఇచ్చాడు. నేనైతే ఉప్పూ మిరపకాయలూ తెచ్చి, కొట్టంలో నిలబడి, చుక్కమ్మ మొహం చుట్టూ భక్తిగా తిప్పాను. ఆమె నన్ను అదోలా చూసింది. ఆ చూపుకు అర్థం అప్పుడే తెలిసి ఉంటే ఎంత బాగుండేది.

ఆ సాయంత్రాల్లో తమరు ఏం వెలగబెడుతున్నారని మీరు అడగలేదు. చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను. నలగని చొక్కాతో బెళుగుప్ప సెంటరులో నిలబడకపోతే నాకు పొద్దు గడిచేది కాదు. ఇస్త్రీపెట్టె ఫ్యానులా కాదు, బోలెడు కరెంటు లాగుతుంది. లాగిన కరెంటంతా గడ్డపారలోంచి కొట్టం నేలలోకే పోతుంది. మీకు అర్థమైపోయింది కదా? నాకు మాత్రం కాలేదు.

ఒక సాయంత్రం తన్ను అమ్మ భుజానికి తగిలింది, చెయ్యి పైకి లేవలేదు. ఎనుము కంటే మనిషి ముఖ్యమని, వచ్చే సంతలో అమ్మేద్దామని నాయన తేల్చేశాడు. బేరగాడు ఫకీరప్పకు కబురు కూడా పంపాడు. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. "దాని తప్పు యేమీ ల్యా. దానికేమో కష్టమొచ్చింది, నోరు ల్యాక చెప్పలేకుండాది" అని ఒకటే మాట.

ఫకీరప్ప వచ్చే రోజు సాయంత్రం, అమ్మ చెయ్యి నొప్పిగా ఉంది కదా అని పాలు నేను పిండుతానన్నాను. నా చొక్కా ఇస్త్రీ చెయ్యమని సుజాతకు అప్పగించి, రబ్బరు చెప్పులతో కొట్టంలోకి దిగాను. అమ్మ ఆపింది.

"చెప్పులిడిసి కూచ్చో. పాలు పిండేకాడ చెప్పులేందిరా?"

చెప్పులు విడిచాను. తడిలో గొంతుకూర్చుని చెంబు పట్టుకున్నాను. లోపల సుజాత స్విచ్చు వేసింది. నా పాదాల్లోంచి తొడల దాకా ఎవరో ముళ్లకంప ఈడ్చినట్టయింది. నేను ఎగిరాను, చుక్కమ్మా ఎగిరింది. ఇద్దరం ఒకేసారి ఎగిరాం కానీ కిందికి దిగేటప్పుడు ఆమె కాలు నా నడుముకు తగిలి నేను పేడకుప్పలో తేలాను. చెంబు గోడకు తగిలింది. ఇస్త్రీ ఆపమని అరిచాను. సుజాత ఆపింది. ఆపగానే చుక్కమ్మ ఏమీ జరగనట్టు నెమరు మొదలుపెట్టింది.

అమ్మ నా వైపు చూసింది, తర్వాత గడ్డపార వైపు, దాని తీగ వైపు, ఆ తీగ పోయిన కిటికీ వైపు చూసింది.

"ఇన్ని దినాలూ నాకు గూడా ఈడ కూచ్చుంటే కాళ్లు జుమ్ముమంటాండెరా. వయసైపోయిందిలే అని ఎవురికీ చెప్పకుంటి."

ఆ మాట విన్నాక నాకు నడుము నొప్పి గుర్తులేదు. గడ్డపార దగ్గర కరెంటు జోరుగా ఉంటుంది, దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. కాబట్టి కాళ్ల మధ్య ఎడం ఎంత ఉంటే దెబ్బ అంత ఎక్కువ. చుక్కమ్మకు ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ బారెడు దూరం, అందుకే ఆమె ఎక్కువ తిన్నది. అమ్మ కాళ్లు దగ్గర పెట్టుకుని కూర్చునేది కాబట్టి జుమ్ముమనడంతో పోయింది. ఏ రోజైనా లేస్తూ ఆ గడ్డపార మీద చెయ్యి ఆనించి ఉంటే నాకు ఈ రోజు అమ్మ ఉండేది కాదు. అది తలుచుకుని పేడలో కూర్చునే ఏడ్చాను.

అమ్మ చుక్కమ్మ మెడ నిమురుతూ అంది: "ఇది నన్ను తన్నల్యా. ఆ తడిలోనుంచి అవతలికి తోసింది."

నిజమే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. తన్ను తిన్న ప్రతిసారీ అమ్మ పడింది పొడినేల మీదే. ఇప్పుడు నేను ఇళ్లల్లో, కరెంటు ఎక్కడైనా దారి తప్పితే రెప్పపాటులో ఆపేసే బ్రేకర్లు పెడుతున్నాను. మంచివే, అందరూ పెట్టించుకోండి. కానీ తాను దెబ్బ తింటూ పక్కన ఉన్న మనిషిని నెట్టేసి కాపాడే సామాను ఇంతవరకు ఏ అంగడిలోనూ నాకు దొరకలేదు.

అంతలో నాయన ఫకీరప్పను వెంటబెట్టుకుని వచ్చాడు. అమ్మ జరిగిందంతా చెప్పింది. నాయన పక్కింటాయన విన్నాడేమోనని గోడ వైపు చూశాడు. ఊరంతా నా పనితనం చాటిన మనిషి, పాపం.

"అయితే సంతకు యేమీ తోలుకపోయేది ల్యా?" అని ఫకీరప్ప అడిగాడు.

"ఎనుమును అమ్మేది ల్యా" అంది అమ్మ. "ఆ పేడలో కూచ్చున్యాడే, వానికేమన్నా ధర పలుకుతాదేమో చూడన్నా."

ఫకీరప్ప బేరగాడు కదా, మాట వరసకైనా సరుకు చూడకుండా వదలడు. నా చుట్టూ ఒకసారి తిరిగాడు. పళ్లు చూశాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"వద్దులేక్కా. పాలియ్యడు, దున్నడు. పైగా ఊరికే ఇచ్చినా, యాడ కడితే ఆడ ఎనుములు బెదురుతాయి."

కాబట్టి సకల జనులకూ, పశువులకూ తెలియజేయునది ఏమనగా: ఇక మీదట నూట్రల్ పోతే నూట్రలే బాగుచేయిస్తాను, భూమాత చేత ఆ చాకిరీ చేయించను. ఎర్తు గుంత మనుషులూ పశువులూ తొక్కని చోటే తవ్వుతాను. ఏ ఎనుమైనా కాలు ఎత్తితే, దాన్ని ఒక్క మాట అనే ముందు పరిగెత్తి మెయిను ఆపేస్తాను.