మా వీధికి రాని వైరు

ఇంటికి ఇంటర్నెట్టు ఎన్ని రకాలని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ప్రొద్దుటూరులో అన్ని రకాలూ ఉన్నాయి. ఫోను హాట్‌స్పాట్, సిమ్ము వేసుకునే డాంగిల్, మిద్దె మీద డబ్బా బిగించే వైర్‌లెస్, టీవీ కేబుల్ వాళ్ళ పాత వైరు, కొత్త ఫైబర్. మా వీధిలో మాత్రం ఒకటే రకం. వచ్చి పోయేది.

నాది బెంగళూరు కంపెనీ ఉద్యోగం, ఇంటి నుంచే పని. బిడ్డ పుట్టాక ఎంతో తిరిగి సంపాదించుకున్నది. బిడ్డకు రెండేళ్ళు, మా ఆయన బట్టల కొట్టు వదిలి కదలలేడు. మీటింగుల్లో మూడుసార్లు లైను పోయేసరికి మేనేజరు ఖరాఖండిగా చెప్పింది, ఇంకోసారి పోతే బెంగళూరుకు వచ్చి చేయాల్సిందేనని. అంటే నన్ను మానుకోమన్నట్టే.

హాట్‌స్పాట్ మధ్యాహ్నానికి నీరసించేది. వైర్‌లెస్ డబ్బాకు ఎదురింటి మూడంతస్తులు అడ్డం. మా వీధి ఆపరేటరుది పాత టీవీ వైరు, గాలి గట్టిగా వీస్తే చాలు, ఖతం. పది అడుగుల దూరంలో వెనక వీధికి ఫైబర్ ఉంది. ఆ ఆపరేటరును బతిమాలాను.

"మీ వీధి నాది కాదక్కా. మీ ఆపరేటరూ నేనూ వీధులు పంచుకున్యాం. ఆయప్ప వీధిలో నేను వైరేస్తే కొట్లాటయితాది."

పంచుకోవడానికి మా వీధి వీళ్ళ అబ్బ సొత్తా?

ఆ సోమవారం పదకొండుకు మీటింగు. పదిన్నరకు లైను పోయింది. మా ఆపరేటరు ఫోను ఎత్తలేదు. బిడ్డను అత్తకిచ్చి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొని బజారులో ఉన్న ఆయన ఆఫీసుకు పోయాను. దర్జాగా కూర్చొని కంప్యూటర్‌లో క్రికెట్ చూస్తున్నాడు. ఆట ఎక్కడా ఆగడం లేదు.

"సాయంత్రం మనిషిని పంపిస్తాలే మేడం."

"సాయంత్రానికి నా ఉద్యోగం ఉండదన్నా!"

అప్పుడే గోడ మీది ఇంటర్నెట్టు పెట్టె కనబడింది. దాని మీద వెనక వీధి ఆపరేటరు స్టిక్కరు.

"ఏందన్నా ఇది? ఆయప్ప ఫైబర్ పెట్టుకున్యావా?"

ఆయన తల గోక్కున్నాడు. "బజారు ఆయప్పది గదా మేడం. అయినా ఆఫీసన్నాక లైను పోకూడదు గదా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"లెయ్" అన్నాను.

"ఏంది?"

"కుర్చీలోంచి లెయ్. పాస్‌వర్డ్ చెప్పు."

లేచాడు. చెప్పాడు. గంటసేపు మీటింగు ఆ కుర్చీలో కూర్చొనే చేశాను. ఒక్కసారి కూడా లైను పోలేదు. మధ్యలో ఎవరో వచ్చి తమ లైను పోయిందని అరవబోతే, "మెల్లగా మాట్లాడప్పా, మేడం మీటింగులో ఉండాది" అని ఆయనే ఆపాడు.

వచ్చేటప్పుడు చెప్పి వచ్చాను.

"రేపు గూడా పదకొండుకే వస్తా. మా వీధికి ఫైబర్ వచ్చేదాకా ఈ కుర్చీ నాది."