మురుగు కుంటల పక్క తోట ఆంటీ

గోంగూర తోట ఆంటీ పోయారన్న కబురు నాకు సెప్టిక్ ట్యాంకర్ డ్రైవర్ చెప్పాడు. లారీ దిగి, టోపీ చేతిలోకి తీసుకుని, "ఇక నిన్ను తిట్టేవాళ్ళు లేరు" అన్నాడు.

సిడ్నీకి పడమరగా, కారులో కొన్ని గంటల దూరంలో ఉన్న చిన్న ఊరు మాది. కౌన్సిల్‌లో మురుగునీటి పని నేను చూస్తాను. ఊరి నడుమ ఇళ్ళకు పైపులున్నాయి. ఆ నీరు ఊరి చివర కుంటల్లో శుద్ధి అవుతుంది. చుట్టుపక్కల పొలాల్లోని ఇళ్ళకు సెప్టిక్ ట్యాంకులే. వాటి మడ్డిని చాలా దూరం తోలాల్సి రావటంతో జనం ఆ పని వాయిదా వేసేవారు. చలికాలం వానలకు ట్యాంకులు పొంగి వాగులో కలిసేవి. ఆ మడ్డిని కూడా మా కుంటల దగ్గరికే తెచ్చి ఆరబెట్టి, దాన్లోంచి దిగిన నీటిని కొద్దికొద్దిగా కుంటల్లోకి వదలాలని నేను ప్లాన్ తయారుచేశాను. కుంటల కంచె అవతలే ఆంటీ వాళ్ళ తోట. అక్కడి గోంగూర, కరివేపాకు సిడ్నీలో పెండిల్ హిల్, గిరావీన్ పేటల్లోని మనవాళ్ళ కొట్లకు వెళ్ళేవి.

సంగతి చెబుదామని వెళ్తే ఆంటీ గేటు తియ్యలేదు.

"మా ఒంగోలు వైపోడివంట గదా. తెలుగోడిని పంపిస్తే మెత్తబడతాననుకున్నారా మీ కౌన్సిలోళ్ళు?"

"కాదాంటీ, స్మెల్ రాకుండా, లారీలు మడ్డి దింపే ట్యాంక్‌కి కవర్ పెడతాం."

"పైపులో పోయిందాన్ని ఎవడూ తల్చుకోడు. అది పోయి పడే చోట ఉండేవాళ్ళకి తెలుస్తది. నీ ఇల్లు ఏ పక్కనయ్యా?"

మా ఇల్లు ఊరికి అటు చివర. అదే చెప్పాను. ఆమె ఇంకేమీ అడక్కుండా లోపలికి వెళ్ళిపోయారు.

ఊరి హాల్లో మీటింగ్ పెట్టాం. ఆంటీ మొదటి వరుసలో, చీర మీద స్వెటర్ వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేను మొదలుపెట్టీ పెట్టకముందే వెనక నుంచి ఒకాయన లేచి, ఇలాంటి పనులు మీ దేశం పోయి చేసుకో అని అరిచాడు. ఆంటీ వెనక్కి తిరిగారు.

"సిట్ డౌన్. ఐ యామ్ ఫైటింగ్ హిమ్. మై ఫైట్, నాట్ యువర్స్."

అతను కూర్చున్నాడు. ఆమె నావైపు తిరిగి తెలుగులో, "నీకు సాయం చేశాననుకోబాకు. నా గుమ్మం ముందు పెంట పొయ్యనియ్యను" అన్నారు.

పని మొదలైన రోజు ఆంటీ, ఆకుకూరలు తోలే తన యూట్ బండిని దారికి అడ్డంగా ఆపి, అందులోనే కూర్చున్నారు. ఆమె భర్త, అంకుల్, ఫ్లాస్కులో టీ తెచ్చి ఇచ్చి, నన్ను చూడనట్టే వెళ్ళిపోయారు. చివరికి లారీల దారిని అవతలి వైపుకు మార్చాం. మడ్డి ఆరబెట్టే మడులను కంచెకు దూరంగా జరిపాం. ఆమె దేనికీ సరే అనలేదు.

ఆ తర్వాత ఆంటీ ఫోన్లు. "వాసనొస్తంది. ముక్కు పనిచేస్తందా నీకు?" వెళ్ళి చూస్తే చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. కొన్నిసార్లు మావాళ్ళు మూత వెయ్యటం మరిచిపోయి ఉండేవారు. ఇప్పుడు మా దగ్గర మూత తెరిచి వదిలేవాళ్ళు లేరు. అది ట్రైనింగ్ గొప్పతనం కాదు, ఆంటీ అంటే భయం.

మురుగు పక్క తోటని పెండిల్ హిల్‌లో ఒక కొట్టువాళ్ళు ఆమె దగ్గర ఆకు కొనటం మానేశారు. ఆ తోటకీ మా మురుగుకీ సంబంధం లేదని నేను వెళ్ళి చెప్పినా వినలేదు. అది తెలిసి ఆంటీ ఫోన్ చేశారు.

"నా తరఫున మాట్లాడమని నిన్నెవరడిగారు?"

పెట్టేశారు.

కొన్నాళ్ళకు వాగు తేటపడింది. రొయ్యల్లాంటి యాబీలను పట్టటానికి పిల్లలు మళ్ళీ దిగుతున్నారు. కంచె దగ్గర కనబడితే ఆంటీతో ఆ మాట అన్నాను.

"నాకూ కళ్ళున్నయ్. వాగు బాగుపడింది. ఊరు బాగుపడింది. నా గుమ్మం పాడయింది. అన్నీ నిజమే."

ఇప్పుడు ఏ ఊరికి ప్లాన్ వేసినా, ముందు గాలి ఎటు వీస్తుందో, అటు ఎవరి ఇల్లుందో వెళ్ళి చూసివస్తాను. అది ఆమె నేర్పిన అలవాటు. ఆ మాట ఆమెతో అనే అవకాశం రాలేదు. అన్నా మెచ్చుకునేవారు కాదు.

అంత్యక్రియలైన మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. అంకుల్ వరండాలో ఉన్నారు.

"ఆమె ఉంటే నిన్ను రానిచ్చేది కాదు."

"తెలుసంకుల్."

కూర్చోమనలేదు. పెరట్లో తీగ మీద ఆంటీ ఆరేసిన నేత చీరలు ఇంకా అలాగే ఉన్నాయి. గాలి తిరిగి కుంటల వైపు నుంచి వీచింది. నాకు వాసనేమీ తగల్లేదు. అంకుల్ గాలి వచ్చే వైపు ఒకసారి చూసి, లేచి వెళ్ళి, ఒక్కో చీరా తీసి భుజాన వేసుకుని, లోపలికి పోయి తలుపు వేసుకున్నారు.