ఉప్పుటేటిలో ఒక రోజు విశ్రాంతి

మా ఆయన పలాసలో ఒక ఆఫీసులో గుమస్తా. కిందటేడు ఆయనకి పడవ పిచ్చి పట్టింది. ఏదో దేశంలో, నడిపట్నంలో కాలవ. అందులో రైలుపెట్టెల్లాంటి సన్నటి పడవలు. వాటిల్లో జనం టీ తాగుతూ, పుస్తకం చదువుకుంటూ రోజంతా ఊరికే కూర్చునే వీడియోలు. అన్నం తినేటప్పుడు కూడా ఫోను మంచినీళ్ళ గ్లాసుకి ఆనించుకుని అవే చూసేవారు.

"మనమూ ఒక్కరోజు అలా ఉందామే. ఏ పనీ చెయ్యకూడదు. ఒట్టి రెస్టు" అన్నారు.

"పలాసలో కాలవ ఎక్కడుందండీ?" అన్నాను. మా వీధి చివర పారేదీ కాలవే గాని, దాని పక్కన కూర్చుని ఎవరూ టీ తాగలేరు.

ఆఫీసులో ఎవరెవరినో అడిగి చివరికి సాధించారు. ఇచ్ఛాపురం దగ్గర డొంకూరు వైపు ఉప్పుటేటిలో ఒక ముసలి జాలరికి పడవ ఉందట. వేట మానేశాడు కాబట్టి ఖాళీగానే ఉందట. ఆదివారం పొద్దున్నే ప్యాసింజరెక్కాం. ఆయన, నేను, మా అత్తయ్య. ఆవిడ కంచిలి దగ్గర జీడితోటల్లో పెరిగిన మనిషి. పని లేకుండా కూర్చోవడమంటే ఆవిడకి జ్వరం వచ్చినట్టు లెక్క.

"ఊరికే కూకోడానికి ఇచ్ఛాపురం దాకా ఎల్లాలేటిరా?" అని సుమ్మాదేవి స్టేషను దాటేదాకా కొడుకుని సతాయిస్తూనే ఉన్నారు.

పడవ మాత్రం నిజంగా బాగుంది. సన్నగా, పొడుగ్గా, మధ్యలో కొబ్బరాకుల పందిరి, కింద చాప. ఏటి నిండా నీళ్ళు. ముసలాయన మమ్మల్ని ఎక్కించుకుని, గెడతో కొంత దూరం తోసుకెళ్ళి, ఒక ఇసుకమేట పక్కన గుంజకి తాడు కట్టేశాడు.

"నాను ఇంటికాడికెల్లి సాయంత్రానికొస్తాను. ఈలోగా ఆటొస్తాది, బయపడకండి బావూ" అని చెప్పి, మేట మీదుగా నడిచి వెళ్ళిపోయాడు.

"ఆటో మనకెందుకు? మనం ఎక్కడికీ వెళ్ళం" అన్నారు మా ఆయన నవ్వుతూ.

మొదటి గంట స్వర్గం. ఆయన కాళ్ళు బారజాపుకుని పుస్తకం తీశారు. నేను కళ్ళు మూసుకున్నాను. పడవ అంచుకి నీళ్ళు తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. అత్తయ్య సైతం మాట్లాడకుండా చాప మీద నడుం వాల్చారు.

అంతలో ఆవకాయ సీసా దొర్లుకుంటూ వచ్చి నా మోకాలికి తగిలింది. దాని వెనకాల మంచినీళ్ళ సీసా వచ్చింది. దాని వెనకాల అత్తయ్య వచ్చారు.

లేచి చూద్దుం గదా, ఏట్లో నీళ్ళు లేవు. సముద్రం వెనక్కి తగ్గితే ఏటి నీరంతా దాంతో పోతుంది. ఆటు అంటే అదన్నమాట. చుట్టూ నల్లటి బురద. అందులో మా పడవ ఒక పక్కకి ఒరిగి పడుకుంది. చిన్న చిన్న పీతలు బొరియల్లోంచి వచ్చి మమ్మల్ని చూస్తున్నాయి.

బుట్టలు పట్టుకుని గుల్లలు ఏరుకోడానికి ముగ్గురు ఆడవాళ్ళు బురదలో నడుచుకుంటూ వచ్చారు. వాళ్ళల్లో పెద్దావిడ ఆగింది.

"ఏటి బావూ, పడవ పాడైపోనాదా?"

"లేదమ్మా. రెస్టు తీసుకుంటున్నాం" అన్నారు మా ఆయన, జారిపోకుండా పందిరి కర్ర పట్టుకుని.

ఆవిడ ఒరిగిన పడవనీ, ఆయన్నీ ఎగాదిగా చూసింది. "మీ ఇంటికాడ మంచం నేదా?"

మిగతా ఇద్దరూ బుట్టలు కిందపెట్టి మరీ నవ్వారు. అందరికంటే గట్టిగా అత్తయ్య నవ్వారు. చీర ఎగ్గట్టి, "నానూ వొస్తానుండండే" అంటూ దిగిపోయారు. కాసేపటికి వాళ్ళతో ఆ సరిహద్దు ఊళ్ళ ఒడియాలో కబుర్లు చెబుతూ, నడుం వంచి గుల్లలు ఏరుతున్నారు. ఇల్లు వదిలాక ఆవిడ మొహంలో కళ కనిపించడం అదే మొదలు.

"మనమూ దిగుదామండీ" అన్నాను.

"దిగకూడదు. దిగితే పడవలో గడిపినట్టు అవదు" అన్నారు ఆయన.

సరిగ్గా అప్పుడు మేట మీంచి ఒక మేక వచ్చింది. వాలిన అంచు మీదుగా, టిక్కెట్టు కొనుక్కున్నదానిలా పడవెక్కింది. మేం భోజనానికి తెచ్చుకున్న అరిటాకులు ఒక్కొక్కటే తినడం మొదలుపెట్టింది. మా ఆయన కర్ర వదిలితే జారతారు, వదలకపోతే దాన్ని తోలలేరు. "ష్, ష్" అన్నారు. అది నాలుగో ఆకు కూడా ముగించింది. మేం పులిహోర క్యారేజీ మూతల్లో తిన్నాం. మేక పందిరి నీడలో ఆయన పక్కనే పడుకుంది. ఇంకో పావుగంటకి ఇద్దరూ గుర్రు పెడుతున్నారు. ఎవరి గుర్రు ఏదో నేను చెప్పలేను.

ఎండ తగ్గాక కింద ఏదో మెల్లగా కదిలినట్టయింది. పోటు మొదలైంది. బురద మీదికి నీళ్ళు సన్నగా పాకి, పడవ ఒక్కో అంగుళమే నిటారుగా లేచింది. ముసలాయన మోకాళ్ళ లోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చాడు. ఆయన వెనకే అత్తయ్య, కొంగు నిండా గుల్లలతో.

"ఈ మేకేటి బావూ? మీతో తెచ్చీసినారా?" అని అడిగాడు ముసలాయన.

మేం జవాబు చెప్పేలోగానే గెడ వేశాడు. పడవ కదిలింది. సంజ వెలుగుకి ఎర్రబడ్డ నీళ్ళ మీద, రెండు పక్కలా కొబ్బరితోటలు వెనక్కి పోతుంటే, పది నిమిషాలు నిజంగా ప్రయాణం చేశాం. అత్తయ్య బురద కాళ్ళు నీళ్ళలో వేలాడేసుకుని చిన్నపిల్లలా ఆడించారు. మా ఆయన ముందుభాగాన నిలబడ్డారు. ఆయన ముందు మేక నిలబడి ఊరంతటికీ వినపడేలా అరుస్తోంది. ఒడ్డు వెంబడి దాని యజమానురాలు పరిగెడుతోంది.

"నా మేకనెక్కడికి అట్టుకెలిపోతన్నారు?"

ఒడ్డు చేరాక మేక దిగనంది. ముసలాయన లాగాడు, నేను వెనకనుంచి తోశాను, లాభం లేకపోయింది. చివరికి మా ఆయన ప్యాంటు మడతపెట్టి, దాన్ని రెండు చేతులా ఎత్తుకుని నీళ్ళలోకి దిగారు. మా పెళ్ళయ్యాక ఆయన దేన్నీ అంత జాగ్రత్తగా మోయడం నేను చూడలేదు.