స్కోరు పుస్తకం ముట్టని జాక్లిన్

జాక్లిన్‌కి బంతి పట్టడం ఎవరూ నేర్పలేదు. తణుకులో వాళ్ళ చర్చి వెనకాల ఖాళీ స్థలంలో, కంకర తేలిన నేల మీద మగపిల్లలు క్రికెట్ ఆడేవాళ్ళు. వికెట్ల వెనక నిలబడటానికి మాత్రం ఒక్కడూ ముందుకొచ్చేవాడు కాదు. బంతి ఏ రాయికి తగిలి ఎటు లేస్తుందో తెలియని చోట పళ్ళు రాలగొట్టుకోవడానికి ఎవరికి సరదా? ఏడో తరగతి చదువుతున్న జాక్లిన్ నేను నిలబడతానంది. అది మొదలు డిగ్రీ అయ్యేదాకా అక్కడినుంచి కదల్లేదు. కాలేజీ జట్టుకి కీపరైంది, జిల్లాకి ఆడింది. కుడిచేతి చిటికెన వేలు రెండుసార్లు విరిగి, ఇప్పటికీ కాస్త పక్కకి తిరిగే ఉంటుంది.

ఆహారశాస్త్రంలో మాస్టర్స్ చేయడానికి మెల్‌బోర్న్ వచ్చేటప్పుడు, ఇక ఆట అయిపోయిందనే అనుకుంది. ఊరి శివారు టార్నీట్‌లో పిన్ని సుగుణకుమారి ఇంట్లో దిగింది. పిన్ని వృద్ధుల ఆశ్రమంలో నర్సు. బాబాయ్ విలియం బస్సు నడుపుతాడు. వాళ్ళ కూతురు ఎల్సా ఇక్కడే పుట్టింది. అదే యూనివర్సిటీలో రెండో ఏడు చదువుతూ అమ్మాయిల బేస్‌బాల్ జట్టులో బంతి విసిరేది. అక్కడ డిసెంబరులో వచ్చే వేసవికి పోటీలు మొదలవుతాయి కనక ఆగస్టు చలిలోనే ప్రాక్టీసు మ్యాచులు పెట్టుకున్నారు. నాలుగు మ్యాచులు ఆడాక కోచ్ మొదటి జట్టు ఎవరో చెబుతుంది.

"అక్కా, అవర్ క్యాచర్ కాంట్ స్టాప్ మై డ్రాప్ బాల్," అంది ఎల్సా ఒకరోజు. "నువ్వు రా. జస్ట్ ట్రై."

బేస్‌బాల్‌లో బంతిని నేలకి తగలకుండా నేరుగా విసురుతారు. బ్యాట్ పట్టుకున్నమ్మాయి వెనక గొంతుక్కూర్చుని దాన్ని పట్టేదాన్ని క్యాచర్ అంటారు. ఎల్సా దగ్గర డ్రాప్ బాల్ అని ఒక చిత్రమైన బంతి ఉంది. తిన్నగా వస్తున్నట్టే వచ్చి, బ్యాట్ దగ్గరికి రాగానే పుటుక్కున కిందికి దిగుతుంది. కొట్టబోయేవాళ్ళు గాలిని కొడతారు. కానీ బంతి చాలాసార్లు నేలని తాకి లేస్తుంది. పాత క్యాచర్ మెగన్ మంచి ఆటగత్తే, ఈ బంతి మాత్రం ఆమె కాళ్ళ సందుల్లోంచి పారిపోయేది. అందుకని కోచ్ ఎల్సాని అది వేయొద్దంది. జాక్లిన్ మొదటిరోజు ఇరవై పట్టింది. కంకర మీద పదేళ్ళు బతికినదానికి ఈ పచ్చిక అంచున మెత్తటి మట్టి ఒక లెక్కా?

మొదటి ప్రాక్టీసు మ్యాచ్ దాకా అంతా బాగానే ఉంది. జట్టునే రెండుగా చీల్చి ఆడించారు. ఒకమ్మాయి కొట్టిన బంతి నిట్టనిలువునా లేచింది. జాక్లిన్ ముఖానికున్న తొడుగు విసిరేసి, కంచె దాకా పరిగెత్తి, పడుతూ పడుతూ పట్టేసింది. అలాంటి క్యాచ్ ఆ మైదానంలో చూసి ఎన్నాళ్ళయిందో. అక్కడితో ఆగితే బాగుండేది. పదేళ్ళ అలవాటు ఊరుకోదు కదా, లేచి నిలబడి, కేక పెట్టి, బంతిని ఆకాశంలోకి ఎగరేసింది.

క్రికెట్‌లో క్యాచ్ పడితే ఆ బంతి పని అయిపోయినట్టే. ఎగరేసుకో, ముద్దుపెట్టుకో, నీ ఇష్టం. బేస్‌బాల్‌లో క్యాచ్ పట్టాక కూడా బంతి ఆటలోనే ఉంటుంది. మూడు బేస్‌లూ దాటి క్యాచర్ ముందున్న హోమ్ బేస్ చేరితే ఒక పరుగు. బంతి పైనుండగానే మూడో బేస్ దగ్గర కాచుకున్న అమ్మాయి హోమ్‌కి పరిగెత్తింది. అది కిందపడి దొర్లుతుంటే దాని వెనకాల ఇంకొకతీ వచ్చేసింది. రెండు పరుగులు. వచ్చినవాళ్ళిద్దరూ నవ్వు ఆపుకోలేక మోకాళ్ళ మీద చేతులుంచుకుని వంగిపోయారు. జాక్లిన్‌కి ఏం జరిగిందో ఎల్సా చెప్పేదాకా తెలియలేదు. తెలిశాక ఆ కంచె అవతలికి దూకి పోదామనిపించింది.

కోచ్ డెబ్రాకి యాభై దాటి ఉంటాయి. చెడ్డ మనిషి కాదు, అసలు చిక్కు అక్కడే వచ్చింది. చెడ్డదైతే తిట్టి వదిలేసేది. ఈవిడ భుజం మీద చెయ్యి వేసి, ఒక లావుపాటి పుస్తకం తెచ్చి ఒళ్ళో పెట్టింది.

"ఆట అర్థం కావడానికి టైం పడుతుంది, డియర్. ఈ ఏడాది మాకు స్కోరు రాసిపెట్టు. మీవాళ్ళు లెక్కల్లో గట్టివాళ్ళు కదా."

జాక్లిన్ ఇంటర్లో లెక్కలు రెండుసార్లు రాసి గట్టెక్కింది. ఆ సంగతి తణుకులో అందరికీ తెలుసు. ఇక్కడ మాత్రం మొహం చూసి ఎంసెట్ ర్యాంకు ఇచ్చేస్తున్నారు. ఒళ్ళు మండిపోయింది.

"నాకు లెక్కలు రావు కోచ్," అంది ఇంగ్లీషులోనే. "బంతి పట్టడం వచ్చు." పుస్తకాన్ని తెరవకుండానే బెంచీ మీద పెట్టేసి లేచింది.

ఆ బుధవారం టార్నీట్ రైల్లో నిలబడి వస్తుంటే క్లబ్ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఈ ఏడు మన జట్టు ఎలా ఉండబోతోంది అని కోచ్ ఏటా రాస్తుందట. బంతి విసిరేవాళ్ళు గట్టిగా ఉన్నారు, ఎల్సా చెయ్యి పదునెక్కుతోంది. మెగన్ అనుభవం మనకి అండ. కొట్టేవాళ్ళలో ఇద్దరు కొత్తవాళ్ళు ఆశలు రేపుతున్నారు. ఇలా ఒక్కొక్కరికీ ఒక్కో మంచి మాట. అన్నిటికన్నా కింద, నీళ్ళ సీసాల గురించి రాసిన పేరాకి పైన, ఇలా ఉంది: 'జాక్లిన్ మనకి స్కోరర్‌గా సాయపడుతుంది.' చదివి ఫోను కోటు జేబులో కుక్కేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి ఏడుపువి కావు. నేనడగనిది నా పేరు పక్కన ఎలా రాస్తారు?

ఇంటికి వచ్చేసరికి సుగుణకుమారి ఆ ఈమెయిల్‌ని కూతురి ఫోన్లోంచి తీసి చర్చివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. 'మా అక్క కూతురి పేరు యూనివర్సిటీ పేపర్లో వచ్చింది, ప్రైజ్ ది లార్డ్' అని. అప్పటికే నలభై మంది అభినందించారు.

"తీసెయ్ పిన్నీ అది," అంది జాక్లిన్.

"ఎందుకే తియ్యడం? నీడపట్టున కూర్చుని రాసుకోమంటున్నారు. మూతీ ముక్కూ పగలకుండా ఉంటది. నేను రోజూ చూస్తున్నానమ్మాయ్, తుంటి విరిగినవాళ్ళు ఎలాగుంటారో. మీ అమ్మకి నేను జవాబు చెప్పుకోవాలా వద్దా?"

"నీడపట్టున కూర్చోవడానికైతే నీ ఇల్లుంది కదా పిన్నీ. అక్కడికెందుకెళ్ళడం?"

ఆ రాత్రి భోజనం ముందు ప్రార్థనలో సుగుణకుమారి అన్నంతో పాటు ఈ పిల్లకి కాస్త బుద్ధి కూడా ప్రసాదించమని ప్రభువుని వేడుకుంది. ఎల్సా అలవాటుకొద్దీ ఆమెన్ అనేసి నాలిక కరుచుకుంది. జాక్లిన్ ఆమెన్ అనలేదు. గిన్నెలు కడగడం అయ్యాక కూర్చుని, కోచ్ ఈమెయిల్‌కి జవాబు రాసింది. కోచ్‌కి ఒక్కదానికే కాదు, ఆ ఈమెయిల్ అందుకున్న పద్దెనిమిది మందికీ పంపింది. 'నా పేరు పక్కన తప్పు పడింది. నేను స్కోరర్ని కాను, క్యాచర్ని. దయచేసి సరిచేయండి.' ఇంతే. చివర నమస్కారాలు కూడా పెట్టలేదు.

తెల్లారి కోచ్ జవాబిచ్చింది. అది కూడా అందరికీ పంపింది. నాలుగో మ్యాచ్‌లో ఇన్నింగ్స్ అనే ఆఖరి రెండు విడతలు జాక్లిన్ క్యాచర్‌గా ఆడవచ్చు. ఆ తర్వాత మాట్లాడదాం.

అంటే మూడు వారాలుంది. బంతి పట్టడంలో లోపం లేదు, పట్టాక వచ్చే ఆ పాడు అలవాటుని చంపాలి. ఇంటి వెనక పార్కులో రోజూ సాయంత్రం ఎల్సా విసిరేది, జాక్లిన్ పట్టేది. బాబాయ్ విలియం మూడో బేస్ దగ్గర పరుగుకి సిద్ధంగా నిలబడేవాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, బస్సు డ్రైవరు చొక్కా మీదే, కాళ్ళకి హవాయి చెప్పులు. జాక్లిన్ చెయ్యి పైకి లేచిందంటే చాలు, బొజ్జ ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చేవాడు. మొదటివారం ఆయనకి పదిహేడు పరుగులొచ్చాయి. ఇంటికెళ్ళి భార్యకి గొప్పగా చెప్పుకున్నాడు కూడా. రెండోవారం నాలుగు. మూడోవారంలో నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్నాయి, ఒక్కసారన్నా ఎగరెయ్యవే అని బతిమాలాడు.

నాలుగో మ్యాచ్ గీలాంగ్ నుంచి వచ్చిన జట్టుతో. ఆఖరి ఇన్నింగ్స్ వచ్చేసరికి మనవాళ్ళు ఒక్క పరుగు ముందున్నారు. అవతలివాళ్ళకి ఇద్దరు అవుటయ్యారు, మూడో అవుటుతో వాళ్ళ ఆట ముగుస్తుంది. మూడో బేస్ మీద ఒకమ్మాయి ఉరకడానికి సిద్ధంగా ఉంది. బ్యాట్ పట్టుకున్నది వాళ్ళలో అందరికంటే గట్టిగా కొట్టే పొడుగు పిల్ల. ఆ పిల్లకి రెండు స్ట్రైకులు, అంటే కొట్టలేకపోయిన బంతులు, అయ్యాయి. ఇంకొక్కటి పడితే ఆ పిల్ల అవుట్, మ్యాచ్ అయిపోతుంది.

ఏ బంతి వేయాలో క్యాచర్ తొడల మధ్య వేళ్ళతో సైగ చేస్తుంది. జాక్లిన్ కిందికి దిగే బంతి అడిగింది. ఎల్సా తల అడ్డంగా ఊపింది. అది చెయ్యి దాటి వెనక్కి పోతే మూడో బేస్ మీదున్నది వచ్చేస్తుంది, స్కోరు సమమైపోతుంది. జాక్లిన్ మళ్ళీ అదే చూపించింది. ఎల్సా మళ్ళీ తల ఊపింది.

రెండుసార్లు తల ఊపేసరికి బెంచీ మీద కూర్చున్న కోచ్‌కి సంగతి అర్థమైపోయింది. లేచి నిలబడి, మైదానమంతా వినపడేలా అరిచింది. "నో డ్రాప్ బాల్, ఎల్సా. నో."

అందరూ జాక్లిన్ వైపు చూశారు. బ్యాట్ పట్టుకున్న పిల్ల చూడలేదు. ఆ పిల్ల భుజాలు కాస్త వదులయ్యాయి, బ్యాట్ కొంచెం పైకి లేచింది. అది జాక్లిన్‌కి కనిపించింది. మాట విని వేరే బంతి అడిగితే ఎవరూ ఏమీ అనరు. ఆ పిల్ల దాన్ని కంచె అవతలికి కొట్టినా తప్పు కోచ్‌దే అవుతుంది. ఇది అడిగి వదిలేసిందో, ఈ దేశంలో ఉన్నన్నాళ్ళూ స్కోరు పుస్తకమే గతి.

జాక్లిన్ మూడోసారీ అదే చూపించింది. ఈసారి వేళ్ళు రెండు క్షణాలు ఎక్కువ ఉంచింది.

ఎల్సా వేసింది. బంతి నడుమెత్తున తిన్నగా వచ్చింది. పొడుగు పిల్ల బలమంతా పెట్టి బ్యాట్ తిప్పింది. బంతి ఆ బ్యాట్ కిందినుంచి జారి, మట్టిలో పడి, లేస్తూ లేస్తూ ఉండగా జాక్లిన్ చేతి తొడుగులోకి వచ్చేసింది. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. కానీ నేల తాకిన బంతి కనక మ్యాచ్ ఇంకా అవలేదు. అలాంటప్పుడు కొట్టబోయినవాళ్ళు మొదటి బేస్‌కి పరిగెత్తవచ్చు. పొడుగు పిల్లకి ఆ సంగతి గుర్తొచ్చి అడుగు వేసేలోపలే జాక్లిన్ బంతిని ఆమె నడుముకి ఆనించింది. అంపైర్ చెయ్యి ఎత్తి అవుటన్నాక కూడా బంతిని వదల్లేదు. ఎల్సా పరిగెత్తుకొచ్చి కావలించుకున్నప్పుడు కూడా అది చేతిలోనే ఉంది.

అందరూ సంచులు సర్దుకుంటుంటే కోచ్ ఆమెని పక్కకి పిలిచింది. గొంతులో కోపం లేదు. మళ్ళీ ఆ దయే.

"అంత దూరంనుంచి నేను చెప్పింది నీకు వినపడి ఉండదులే. గాలి కూడా ఎక్కువగా ఉంది."

పక్కనే ఉన్న ఎల్సా అవునను అన్నట్టు జాక్లిన్ చెయ్యి గిల్లింది. అవునంటే ఆ గొడవ అక్కడితో సమసిపోతుంది. జట్టులో చోటు వస్తుంది. కోచ్ పరువూ నిలుస్తుంది, పిన్ని దేవుణ్ణి అడిగిన బుద్ధి వచ్చినట్టూ ఉంటుంది. జాక్లిన్‌కి ఆ చోటు ఎంత కావాలో ఆమెకే తెలుసు. అయినా ఆ దయ వెనక నక్కి తీసుకోవడం ఆమెకి చేతకాలేదు.

"వినపడింది కోచ్," అంది. "నాకు వినపడింది, బ్యాట్ పట్టుకున్న ఆ అమ్మాయికీ వినపడింది. ఇక కింద బంతి రాదనుకుంది. అందుకే అడిగాను."

ఎల్సా గిల్లడం మానేసింది. కోచ్ పొడుగు పిల్ల నిలబడిన చోటు వైపు ఒకసారి చూసింది. మెడ దగ్గర ఎర్రబడింది, అది సిగ్గో కోపమో చెప్పడం కష్టం. తర్వాత జట్టు పేర్ల కాగితం పెట్టుకున్న అట్టని చంకలోంచి తీసి, పెన్ను మూత పంటితో లాగి, అడిగింది.

"చొక్కా మీద ఏ నంబరు వేయించమంటావు?"