చెవుల దవాఖానకు మూడు రాగి చెంబులు

మా బాపు నలభై ఏళ్లు పాతబస్తీలో రాగి చెంబులు, బిందెలు చేశాడు. ఆ సుత్తి దెబ్బలకే చెవులు మందగించాయి. పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవడం కూడా ఆ కార్ఖానా మోతలోనే నేర్చుకున్నాడు కాబట్టి ఇంట్లో మాకు చాలాకాలం తెలియనే లేదు. పని మానేశాక దబీర్‌పురాలో స్నేహితుడు సత్తయ్య దుకాణంలో కూర్చుని, కొత్త సరుకును వేలి కణుపుతో కొట్టి, మోతను బట్టి బీటవారినవి ఏరేవాడు. ఈ వేసవిలో బాపు బాగుందన్న చెంబే కారుతోందని ఒకావిడ తిరిగి తెచ్చింది. సత్తయ్య పల్లెత్తు మాట అనలేదు. బాపు మాత్రం మళ్లీ ఆ మెట్లెక్కలేదు. రోజంతా ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చునేవాడు.

చెవి మిషన్ పెట్టించాం. మాటలు వినబడ్డాయి కానీ చెంబు మోత మాత్రం నీళ్లలో మునిగినట్టుందన్నాడు. ఇంకో క్లినిక్‌కు ఫోన్ చేస్తే, అక్కడ వినికిడి పరీక్షలు చేసే మేడం ఏ చప్పుడు కావాలో దాన్నే వెంట తెమ్మన్నారు.

శనివారం తొమ్మిదికి జల్‌పల్లిలో షేర్ ఆటో ఎక్కి, మనిషికి ఇరవై ఇచ్చి చాంద్రాయణగుట్టలో దిగాం. అక్కడి నుంచి దబీర్‌పురా స్టేషన్ దగ్గరి క్లినిక్‌కు ఇంకో ఆటో, నూట ఇరవై. బాపు ఒళ్లో సంచి, సంచిలో మూడు చెంబులు, గతుకు గతుకుకూ గలగల.

"ఏంది బాపూ, షాదీకి పోతున్నరా?" అన్నాడు డ్రైవర్.

"లే భాయ్, చెవుల దవాఖానకు."

"చెవులకు చెంబులెందుకు?"

"గది డాక్టరమ్మనే అడగాలె," అని బాపు నవ్వాడు. ఆయన నవ్వి చాలా రోజులైంది.

పదిన్నరకు లోపలికి పిలిచారు. మేడం ముందు పెదవులు కనబడకుండా నోటికి కాగితం అడ్డం పెట్టుకుని కొన్ని మాటలు చెప్పి, తిరిగి చెప్పించారు. అంతకుముందు మిషన్ పెట్టిన చోట ఈ చిన్న పని చేయకుండానే, బాగానే వినబడుతోందని పంపేశారు. తర్వాత బాపు చెంబు కొట్టి ముఖం చిట్లించాడు.

"గిదే మేడం. మోత నడుమలనే తెగిపోతున్నది."

"తప్పు మీ చెవిది కాదు బాపూ. సాగే మోతను మిషన్ తనలో పుట్టే ఈల అనుకుని అణచేస్తున్నది. మాటలకొక సెట్టింగ్, చెంబులకొకటి పెడత. ఈ బటన్ నొక్కితే మారుతది."

కొట్టడం, మార్చడం, మళ్లీ కొట్టడం. ముప్పావు గంట ఇదే లొల్లి. బయటివాళ్లు తొంగి చూస్తుంటే నాకు సిగ్గేసింది, మేడంకు వేయలేదు. చివరికి బాపును కళ్లు మూసుకోమని, చెంబులు అటూ ఇటూ మార్చి ఒక్కొక్కటే చేతికిచ్చారు. రెండోదాని దగ్గర బాపు వేలు ఆగింది.

"గిది బీట." కళ్లు తెరిచి నావైపు చూశాడు. "గామె వాపసు తెచ్చిన చెంబు ఇదే బిడ్డా."

దాన్ని ఆ రోజే ఇంటికి తెచ్చి ఇన్నాళ్లూ దాచుకున్నాడని నాకు తెలియదు.

సత్తయ్య దుకాణం అక్కడికి ఐదు నిమిషాల నడక. బాపు మెట్లెక్కి, ఆ చెంబు ఆయన చేతిలో పెట్టాడు. "అప్పుడు దొర్కలే. గియ్యాల దొర్కింది."

సత్తయ్య పీట ముందుకు జరిపాడు. వెనక కట్టలు విప్పని సరుకు గోడెత్తున ఉంది. "నువ్వు రాక నేను విప్పనే లేదన్నా. కూసో, చాయ్ చెప్త."

మిషన్ పెట్టేస్తే వైద్యం అయిపోయినట్టే అనుకునేదాన్ని. అది సగమేనట. మిగతా సగం, ఆ మనిషికి ఏ చప్పుడు లేకుండా రోజు గడవదో అడిగి తెలుసుకోవడం. మేడం అడిగారు కాబట్టే, సాయంత్రం దాకా బాపు ఆ కట్టలు విప్పి చెంబులు కొట్టి చూస్తుంటే ఆ దుకాణంలో నేను ఊరికే కూర్చున్నాను, హాయిగా, నాలుగు చాయ్‌లు తాగుతూ. మీరూ ఇంట్లోవాళ్లను ఇలా తీసుకెళ్తుంటే వాళ్లకు కరువైన చప్పుడును కూడా సంచిలో వేసుకోండి. అది చెంబుల చప్పుడే అయితే వాటి మధ్యలో ఒక తువ్వాలు చుట్టండి, లేదంటే దారి పొడవునా పెళ్లెవరిదో చెప్పుకోవాలి.